అడవి జంతువుల ఫొటోగ్రఫీ: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్ము రీళ్ల కాలం నుంచీ నల్లమల చుట్టుపక్కలా, చెరువుగట్ల మీదా కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను. పొట్టకూటికి వేరే ఉద్యోగం చేశాను, ఇది మాత్రం పిచ్చి. ఈ పిచ్చి చూసి జనం అడిగే ప్రశ్నలు ఇన్నేళ్లూ ఇంచుమించు అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అందరూ కెమెరా గురించే అడుగుతారు. అడగాల్సింది జంతువు గురించి. జవాబుల్లో ఆ పక్షపాతం కనిపిస్తే సర్దుకుపోండి.

మొదలుపెట్టడానికి ఏ అడవికి వెళ్లాలి?

ఏ అడవికీ వద్దు. మీ ఊరి చెరువుకి వెళ్లండి.

వేళాకోళం కాదు. అడవిలో జంతువు కనిపించేది కొన్ని సెకన్లే. ఆ కాసేపట్లో మీ వేలు ఏ బటన్ మీదకు పోవాలో మీ ప్రమేయం లేకుండా పోవాలి. ఆ అలవాటు చెరువు దగ్గర పడుతుంది. నీటికాకి, లకుముకి పిట్ట, నల్ల ఏట్రింత, తెల్లకొంగ, ముంగిస. వీటికి టికెట్టూ లేదు, గేటూ లేదు. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో లేచి, చాలాసార్లు తను బయల్దేరిన కొమ్మ మీదకే వచ్చి వాలుతుంది. రెండు మూడుసార్లు చూస్తే ఆ సంగతి మీకే తెలిసిపోతుంది. ఇక పిట్ట వెంట కెమెరా తిప్పాల్సిన పని లేదు, కొమ్మ మీద ఫోకస్ పెట్టి కూర్చుంటే చాలు. పట్టుకొచ్చిన చేపను కొమ్మకేసి అటూ ఇటూ బాది, తల ముందుకు వచ్చేలా తిప్పుకుని మింగుతుంది. ఫొటో ఆ బాదుడులో ఉంది. అది తెలియనివాడు పిట్ట వాలగానే నాలుగు క్లిక్కులు కొట్టి కెమెరా దించేస్తాడు.

ఊరు దాటి వెళ్లగలిగితే గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కైకలూరు దగ్గర ఆటపాక, సూళ్లూరుపేట పక్కన నేలపట్టు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, అనంతపురం వైపు వీరాపురం ఉన్నాయి. గూడబాతులో, ఎర్రకాళ్ల కొంగలో, కొన్నిచోట్ల రెండూనో వందల సంఖ్యలో గూళ్లు పెట్టే చోట్లివి. వీరాపురం, తేలినీలాపురం లాంటి చోట్ల పక్షులు ఊళ్లోని చెట్ల మీదే కాపురం పెడతాయి, రెట్ట కంపునూ గోలనూ ఊరివాళ్లు ఓర్చుకుంటారు. అక్కడ ఫొటో తీసేటప్పుడు ఆ ఊరి మనుషులతో కాసేపు మాట్లాడి రండి. పక్షుల రాకపోకల గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

చెరువు దగ్గర గంటల తరబడి ఏం చూస్తారు? బోరు కొట్టదా?

ఒక్క ఎర్రకాళ్ల కొంగ సంగతి చెబుతాను. పక్షి ప్రియులు పెయింటెడ్ స్టార్క్ అనేది దీన్నే. పసుపుపచ్చ ముక్కు, నారింజ రంగు ముఖం, తోక దగ్గర గులాబీ ఈకలు. అది మేత మేసేటప్పుడు ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను కుడికీ ఎడమకీ ఊపుతూ నడుస్తుంది. మధ్యమధ్య ఒక కాలితో అడుగు బురదను కదుపుతుంది. కలకలానికి బెదిరిన చేప ఆ తెరిచిన ముక్కులోకి తగలగానే టక్కున మూసేస్తుంది. చూపుతో పనే లేదు, అంతా స్పర్శే. అందుకే బురదనీళ్లలోనూ దానికి పూట గడుస్తుంది.

ఇది తెలిశాక మీరు కొంగ కన్ను మీద కాకుండా మెడ మీద దృష్టి పెడతారు. ఊగుతున్న మెడ చటుక్కున ఆగిందంటే చేప దొరికినట్టు. వెంటనే తల పైకి వస్తుంది. అక్కడ నొక్కాలి.

ఎండాకాలం మొదట్లో గూళ్ల మీద ఇంకోటి చూడొచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండకు పిల్లలు మాడిపోకుండా తల్లో తండ్రో సూర్యుడికి అడ్డంగా నిలబడి రెక్కలు అరవిప్పి నీడ పడుతుంది. ఎండ జరిగితే అదీ జరుగుతుంది. మధ్యాహ్నం వెలుతురు బాగుండదని ఫొటోగ్రాఫర్లందరూ పదింటికే ఇంటికి పోతారు కాబట్టి ఈ దృశ్యం ఉన్న ఫొటోలు తక్కువ. వెలుతురు కఠినంగా ఉంటుంది, నిజమే. దృశ్యమే ఎండ గురించి అయినప్పుడు కఠినంగా ఉంటే నష్టమేంటి?

ఏ కెమెరా కొనాలి? ఎంతవుతుంది?

ఉన్న డబ్బులో పెద్ద వాటా లెన్సుకు పెట్టండి. బాడీ పాతది, ఎవరో వాడి అమ్మింది అయినా ఫర్వాలేదు. పక్షులకు 400 మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్సు ఉంటే పని నడుస్తుంది. సిగ్మా, టామ్రాన్ వాళ్ల 150-600 లెన్సులతో జీవితమంతా గడిపిన మంచి ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. పది లక్షలు దాటే 600 ఎఫ్/4 లెన్సు చూసి నోరు ఊరితే తప్పులేదు గానీ, దాని కోసం అప్పు చేయకండి.

మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ రకరకాల భాగాలు తనే జోడించుకున్న కెమెరాకు సూపర్ పాండరోసా అని పేరు పెట్టుకుని, నలుపు తెలుపుల్లో ఏనుగులనూ అడవిదున్నలనూ తీశారు. 1960లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన బలం ఆ యంత్రంలో లేదు, కాలినడకన తిరిగి సంపాదించిన పరిశీలనలో ఉంది.

మిర్రర్‌లెస్ కెమెరాలకు నేను ఓటేసేది ఒకే కారణానికి: చప్పుడు ఉండదు. పాత కెమెరా ఖణేల్‌మంటే దుప్పి తల ఎత్తేసేది, ఇక ఆ తర్వాత వచ్చేవన్నీ మనవైపు అనుమానంగా చూస్తున్న దుప్పి ఫొటోలే.

సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?

నిలబడి ఉన్న జంతువుకు సెకనులో 500వ వంతు, పరిగెత్తేదానికి 1000వ వంతు, ఎగిరే పక్షికి 2000వ వంతు షట్టర్. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) పెంచండి. రేణువులు కనిపిస్తాయని భయపడి షట్టర్ తగ్గిస్తే చెదిరిన ఫొటో వస్తుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. ఫైళ్లు కెమెరా ఏమీ కుదించకుండా దాచే రా (RAW) ఫార్మాట్‌లో పెట్టుకోండి.

చాలామంది తికమకపడేది తెల్లకొంగ దగ్గర. కొంగ ఫ్రేమంతా నిండితే కెమెరా 'అబ్బో, వెలుతురు ఎక్కువైంది' అనుకుని ఫొటోను మసకబారుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచి తగ్గించే మీట) ప్లస్ వైపు జరపాలి. అదే కొంగ దూరంగా చిన్నగా ఉండి, వెనకంతా చెట్ల నీడ ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. ఈకలు తెల్లటి సున్నపు ముద్దలా కాలిపోతాయి. అప్పుడు మైనస్. ఎలుగుబంటి ఫ్రేము నిండా ఉంటే అదీ మైనసే, లేకపోతే దాని నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

జంతువు కంటి ఎత్తుకు కెమెరా దించండి. సెట్టింగులన్నిటికన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది. మోకాళ్లు నొప్పి పెడతాయి, చొక్కా బురదవుతుంది.

పులి గ్యారంటీగా ఎక్కడ కనిపిస్తుంది?

గ్యారంటీ జూలో.

పులి కోసమే వెళ్లేటట్టయితే తడోబా, రణథంబోర్, బాంధవ్‌గఢ్ వైపు అవకాశాలు ఎక్కువ. మన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ 3,728 చదరపు కిలోమీటర్లు, దేశంలో అన్నిటికన్నా పెద్దది. 1983లోనే ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. కృష్ణకు అవతల తెలంగాణలో అమ్రాబాద్ దాన్ని ఆనుకునే ఉంది. అయినా సఫారీలో పులి కనిపించడం అదృష్టమే. కొండలూ లోయలూ, సందు లేని పొద, అంత విస్తీర్ణంలో చెదురుగా తిరిగే పులులు, సఫారీ తిరిగేది మాత్రం చిన్న ముక్కలో.

అందుకే తుమ్మలబైలుకో, బైర్లూటికో, ఫర్హాబాద్‌కో వెళ్లి వచ్చినవాళ్లు 'ఏం కనిపించలేదండీ' అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ దారిలోనే కణితి (సాంబర్ అనే పెద్ద జింక), కొండముచ్చు, అడవికోడి, ఒక్కోసారి ఎలుగు, రేసుకుక్కలు (అడవికుక్కలు) కనిపిస్తాయి. పులి లేకపోతే అడవి ఖాళీ అన్నట్టు మాట్లాడటం మన పర్యాటకం నేర్పిన దురలవాటు.

మరి పులి దగ్గర్లో ఉందని ఎలా తెలుస్తుంది?

చెవులతో. చెంచులతో నడిస్తే మొదట నేర్చుకునేది అదే. చుక్కల దుప్పి చిన్నదానికీ పెద్దదానికీ కూత పెడుతుంది, ఒక్కోసారి మనల్ని చూసి కూడా. దాన్ని నమ్మి పరుగెత్తొద్దు. కొండముచ్చు చెట్టు కొమ్మన ఉంటుంది కాబట్టి దానికి పైనుంచి కనిపిస్తుంది. దాని ఖక్ ఖక్ ఆగకుండా సాగుతుంటే ఆ వైపు చూడాలి. కణితి తోక నిక్కబొడిచి, ముందుకాలు నేలకేసి కొట్టి, గంట మోగినట్టు ఒక్క కేక వేసిందంటే మాత్రం ఇంజన్ ఆపండి. కణితి ఊరికే నోరు విప్పదు.

నేల మీదా రాసి ఉంటుంది. దుమ్ములో పంజా గుర్తు అంచులు పదునుగా ఉంటే తాజాది. అంచులు విరిగి, గుర్తు మీదుగా చీమలో పురుగులో పాకిన గీతలు ఉంటే పాతది. తెల్లవారుజామున మంచు పడ్డ చుక్కల గుంటలు గుర్తు లోపల కూడా ఉన్నాయా లేదా అని ఒక చెంచు పెద్దాయన వంగి చూపించాడు. లోపల ఉంటే పులి మంచుకు ముందే పోయింది. లేకపోతే ఇప్పుడిప్పుడే.

భయం వేయదా?

వేస్తుంది, వేయాలి కూడా. కానీ జనం అనుకునే చోట కాదు. పులి చాలావరకు తప్పుకుని పోతుంది. ఎలుగుకు చూపు అంతంతమాత్రం. పుట్ట తవ్వుతూ తల లోపల పెట్టి ఉన్నప్పుడు మనం దగ్గరికొస్తున్నట్టు దానికి వినపడదు, తల ఎత్తేసరికి ఎదురుగా ఉంటాం, బెదిరి మీద పడుతుంది. చిత్తూరు వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఏనుగులు. ఇక గడ్డిలో రక్తపింజరి. పక్షి మీద కన్నేసి కాళ్ల కింద చూడని ఫొటోగ్రాఫర్లకు అదే అసలు ప్రమాదం. మడమలపైకి వచ్చే బూట్లు, మంచి టార్చి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండటం. ఈ మూడూ లెన్సుకన్నా ముందు.

అనుమతులు ఏం కావాలి?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా పోకూడదు. సఫారీ టికెట్టు తీసుకుంటే దాని పరిధిలో ఫొటోలు తీసుకోవచ్చు, కొన్నిచోట్ల కెమెరాకు విడిగా రుసుం ఉంటుంది. సినిమా, డాక్యుమెంటరీ, ప్రకటన లాంటివైతే అటవీ శాఖకు ముందే దరఖాస్తు పెట్టాలి. డ్రోన్ తీసుకెళ్లకండి. వర్షాకాలంలో టైగర్ రిజర్వులు సఫారీలు మూసేస్తాయి, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా. హైదరాబాద్-శ్రీశైలం దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. పొద్దున్నే సఫారీ ఉంటే ముందురోజు సాయంత్రానికే చేరుకోవాలి.

పక్షి గూడు దొరికింది. పిల్లలు ముద్దొస్తున్నాయి. తీయొచ్చా?

దూరం నుంచి, పెద్దపక్షి ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంటే తీయండి. అది మేత నోట పట్టుకుని పక్క కొమ్మ మీద కూర్చుని లోపలికి పోకుండా తటపటాయిస్తోందంటే మీరు దగ్గరగా ఉన్నారని అర్థం, లేచి వచ్చేయండి. 'వెలుతురు పడట్లేదు' అని గూటి ముందు కొమ్మలు విరవడం, ఆకులు కట్టేయడం ఇప్పటికీ చేసేవాళ్లు ఉన్నారు. ఆ ఆకులే గూటికి నీడ, కాకికీ డేగకూ అడ్డం. ఫొటో బాగా వస్తుంది, సాయంత్రానికి గూడు ఖాళీ అవుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: మన చట్టంలో వేట నిర్వచనంలోనే పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా ఉంది. తుపాకీ అక్కర్లేదు.

ఎర వేసి, ఫోన్లో కూత వినిపించి పిలవొచ్చా?

నేను చేయను, చేసేవాళ్లతో తిరగను. సొంత జాతి కూత వినగానే మగపక్షి తన చోటులోకి ఇంకోడు చొరబడ్డాడని అన్నీ వదిలి వెతుక్కుంటూ వస్తుంది. మనకు ఫొటో, దానికి గూటిని గాలికి వదిలిన అరగంట. అదే పక్షిని తర్వాతి బండివాడూ పిలుస్తాడు.

మంచి ఫొటో పెడతారు, చోటు మాత్రం చెప్పరు. ఎందుకంత గుట్టు?

ఇది నన్ను కొంచెం కోపంగా అడిగే ప్రశ్న. కలివికోడి కథ చెబితే అర్థమవుతుంది.

1848 నాటికే శాస్త్రానికి తెలిసిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకులాటలో అది మళ్లీ దొరికింది. రాత్రి టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్లకు పైగా లేదనుకున్న పక్షి తన పొదల్లో ఉందని ఆయనకు తెలుసు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిళ్లు తిరిగే పిట్ట అది. అలాంటిది ఒకటి కనిపించిన చోటును గూగుల్ మ్యాప్‌తో సహా ఇంటర్నెట్‌లో పెడితే మర్నాటి రాత్రికి పొదల్లో ఎన్ని టార్చిలైట్లు వెలుగుతాయో ఊహించుకోండి.

గుడ్లగూబలు, నక్షత్ర తాబేళ్లు, అలుగులు (పాంగోలిన్లు) లాంటివి ఫొటోగ్రాఫర్ల కన్నా దొంగ వ్యాపారులకు ఎక్కువ కావాలి. ఫొటోలోని జీపీఎస్ వివరం తీసేసి పెట్టండి. జిల్లా పేరు చెబితే సరిపోతుంది.

ఎడిటింగ్ తప్పా? ఏఐతో చేస్తే?

వెలుతురు, రంగు, అంచులు కత్తిరించడం వరకు అందరూ చేస్తారు. లేనిది చేర్చడం, ఉన్నది చెరపడం అబద్ధం. జింక మీద వాలిన ఈగను తీసేసినా సరే, నాకు ఆ ఈగ కావాలి.

అబద్ధం కంప్యూటర్‌తోనే పుట్టలేదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పెట్టే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009 విజేతగా నిలిచిన, గేటు మీంచి దూకే తోడేలు ఫొటోను, అది పెంపుడు తోడేలై ఉంటుందని తేల్చి 2010లో రద్దు చేశారు. 2017లో బహుమతి పొందిన ఒక ఫొటోలో చెదపుట్ట దగ్గరున్న చీమలు తినే జంతువు ప్రాణమున్నది కాదు, చచ్చినదాని తోలులో కూరి నిలబెట్టిన బొమ్మ అని 2018లో దాన్నీ తీసేశారు. రెండూ చూడటానికి అద్భుతమే. జంతువు తనంతట తాను చేసిన పని కాదు కాబట్టే విలువ పోయింది. ఏఐ బొమ్మకూ ఇదే లెక్క. బొమ్మగా బాగుంటే బాగుందనండి, అడవి జంతువు ఫొటో అనకండి.

మన ఫొటోలతో ఎవరికైనా ఉపయోగం ఉందా?

పులుల లెక్కంతా ఫొటోలతోనే. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు, అంతెందుకు, ఒకే పులి కుడి పక్క చారలూ ఎడమ పక్కవీ వేరు. అందుకే లెక్క కోసం దారికి రెండు వైపులా రెండు కెమెరాలు కడతారు. 1920లలోనే ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి కాలికి తగిలితే ఫ్లాష్ వెలిగే తీగలు కట్టి పులులు తమ ఫొటో తామే తీసుకునేలా చేశాడు. ఇప్పటి కెమెరా ట్రాప్ దాని మనవడే. మీకు పులి పక్కనుంచి స్పష్టంగా దొరికితే తేదీ, చోటుతో సహా అటవీ శాఖకు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో పెట్టకపోయినా ఫర్వాలేదు.

కర్నూలు దగ్గర రోళ్లపాడు సంగతి చూడండి. బట్టమేక పిట్ట కోసమే 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తు పక్షి, గడ్డి మైదానంలో మగది మెడసంచి ఉబ్బించి నిలబడితే దూరానికి కూడా తెల్లగా కనిపించేది. ఇప్పుడు అక్కడ దాన్ని చూడటం గగనమైపోయింది. కృష్ణజింకలున్నాయి, తోడేళ్లున్నాయి, అది లేదు. ఆ రోజుల్లో మసకగా, దూరంగా వచ్చాయని ఎవరూ పట్టించుకోని స్లైడ్లకు ఇప్పుడు విలువొచ్చింది: ఏ నెల, ఏ గడ్డిలో, ఎన్ని ఉన్నాయో వాటిలో ఉంది. కాబట్టి బాగాలేని ఫొటోలని చెరిపేయకండి. తేదీ, ఊరు రాసి దాచండి, రెండు హార్డ్ డిస్కుల్లో.

దీంతో బతకొచ్చా?

కష్టం. ఫొటోలు అమ్మి బతికేవాళ్లు చాలా తక్కువ. వర్క్‌షాపులు, సఫారీ టూర్లు నడిపి బతికేవాళ్లు కొందరున్నారు. జీతం వచ్చే పని ఇంకొకటి పెట్టుకోండి.

ఇంట్లో ఏమంటారు?

'ఆ కొంగల దగ్గరే ఉండిపోకూడదా' అంటారు.

లెన్సుకు బూజు పడుతోంది, ఏం చేయాలి?

పులికాట్, కోరింగ వైపు తిరిగి వస్తే ఉప్పుగాలి తేమ తప్పదు. తుడిచి, ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, పిండంతా రింగుల్లోకి పోతుంది.

మీతో పాటు మేమూ రావచ్చా?

రండి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవగలగాలి. సెంటు వద్దు, ఎర్రచొక్కా వద్దు, ఫోను సైలెంట్‌లో ఉండాలి. 'పులి కనిపిస్తుందా' అని దారిలో అడగకూడదు. బిస్కెట్ పాకెట్ల కవర్లు జేబులో పెట్టుకుని వెనక్కి తేవాలి. టిఫిన్ నేను తెస్తాను, మా ఇంట్లో పులిహోర బాగుంటుంది.